నేవా, నీ ఊరు చూపించు

నేవా! నీ ఊరు చూద్దామని దూరదేశాల నుంచి జనం వస్తున్నారు. చేతుల్లో పటాలు, మెడల్లో కెమెరాలు, జేబుల్లో రాజభవనాల టిక్కెట్లు. బంగారు గుమ్మటాల కోసం తలలెత్తి నడుస్తారు పాపం, కాళ్ల పక్కనే నువ్వు పారుతున్న సంగతి పట్టించుకోరు. వాళ్లను నువ్వే వెంట తీసుకెళ్లు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను కట్టించింది పీటర్ చక్రవర్తే, ఆ ఖ్యాతి ఆయనకు చెల్లాల్సిందే. కానీ మూడు వందల ఏళ్లుగా ఈ ఊరిని ఏలుతున్నది నువ్వు.

గోదావరి గట్టున పెరిగిన కళ్లకు నువ్వు మొదట ఆనవు. నాసిక్ దగ్గర పుట్టి అంతర్వేది దాకా మా తల్లి 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. నీ నడక మొత్తం 74 కిలోమీటర్లే. అయితే నీ వెనక లడోగా ఉంది, ఐరోపాలోకెల్లా పెద్ద సరస్సు. అంత సరస్సుకూ సముద్రం చేరే దారివి నువ్వొక్కదానివే. అందుకే నీకు బాల్యం లేదు. కొండల్లో చెంగనాలు వేసే పిల్లవాగువి ఎప్పుడూ కాలేదు, పుడుతూనే నిండు నదివి. శీతాకాల సౌధం ముందుకు వచ్చేసరికి నీ వెడల్పు చూసి రాజుల కట్టడాలు కూడా కాస్త ఒదిగి నిలబడ్డట్టుంటాయి.

1703 మే 27న నీ పాయల మధ్య కుందేళ్ల దీవి మీద కోటకు పునాది పడింది. స్వీడన్‌తో యుద్ధం ఇంకా తేలలేదు. ఊరు కట్టడానికి అది చోటే కాదు: బురద, దోమలు, పొగమంచు, ఏడాదిలో సగం గడ్డకట్టే నేల. ముప్పై ఏళ్ల రాజుకు మాత్రం సముద్రానికో గుమ్మం కావాలి. రష్యా నలుమూలల నుంచి వెట్టికి తోలుకొచ్చిన రైతులు, యుద్ధంలో చిక్కిన స్వీడిష్ ఖైదీలు బురదలో దిగబడి దుంగలు పాతారు. 1714లో దేశంలో మరెక్కడా రాతి కట్టడం లేవకూడదని ఆజ్ఞ వచ్చింది. తాపీ పనివాళ్లందరూ ఇక్కడికే రావాలి. వచ్చే ప్రతి పడవా, ప్రతి బండీ ఇన్ని రాళ్లు సుంకంగా చెల్లించాలి. ఆ పనిలో ఎందరు పోయారో తేలలేదు. గుర్రం మీద కంచు పీటర్ 1782 నుంచి నీ ఒడ్డున నిలబడే ఉన్నాడు. దుంగలు పాతినవాళ్లకు నీ నీళ్ల కింద ఆ దుంగలే గుర్తు.

ఆ రాజు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓడలు కట్టడం నేర్చుకొచ్చినవాడు. తన జనం కూడా పడవల మీదే తిరగాలని పట్టుబట్టాడు. ఆయన బతికున్నంతకాలం నీ మీద ఒక్క వంతెన పడలేదు. నీకు శాశ్వతమైన వంతెన పడింది 1850లోనే. వాసిలియేవ్‌స్కీ దీవినిండా గళ్లు గళ్లుగా కాలువలు తవ్వించాలనుకున్నాడు, అది కుదరలేదు. ఈనాటికీ ఆ దీవిలో చాలా వీధులకు పేర్లుండవు, ‘లైన్లు’ ఉంటాయి. ఒకే వీధిలో ఈ పక్క ఒక లైను, ఎదురు పక్క ఇంకో లైను. నీళ్లు రాని కాలువకు రెండు గట్లన్నమాట. వచ్చినవాళ్లు చిరునామా వెతుక్కుంటూ ఇక్కడే తికమక పడతారు.

నీ కోపం గురించి కూడా వాళ్లకు చెప్పు. నిజానికి అది నీ ఒక్కదాని కోపం కాదు. బాల్టిక్ మీద తుపాను లేచినప్పుడు సముద్రపు నీరు ఇరుకైన ఫిన్లాండ్ సింధుశాఖలోకి తోసుకొస్తుంది. ముందుకు పోలేక నువ్వు వెనక్కి తిరుగుతావు. 1824 నవంబరులో మామూలు మట్టం మీద నాలుగు మీటర్లకు పైగా లేచావు. దాదాపు వందేళ్లకు, 1924లో, మళ్లీ వచ్చావు. నీ పాయ మొయికా మీద నీలి వంతెన పక్కన త్రిశూలం మోసే ఒక గ్రానైట్ స్తంభం ఉంది, వరద నీరు ఎక్కడిదాకా ఎక్కిందో దాని మీద గుర్తులున్నాయి. ఆ గీతల పక్కన నిలబడి తమ ఎత్తు చూసుకోమను. ఆ తర్వాత నీలి వంతెన ఏదని అడగమను. దాని మీదే నిలబడి ఉంటారు. 97 మీటర్ల వెడల్పు కాబట్టి వంతెనలా కాకుండా మైదానంలా కనిపిస్తుంది. 2011లో సముద్రానికి అడ్డంగా 25 కిలోమీటర్ల ఆనకట్ట పూర్తయ్యాక నీ కోపం కాస్త కట్టడిలో ఉంది.

ఇక కాలువలు. ఫోంటాంకా, మొయికా, గ్రిబొయేదోవ్ కాలువ: నీకు సమాంతరంగా వంపులు తిరిగే మూడు నీటి వీధులు. మూడింటిలో నాకు గ్రిబొయేదోవ్ మీద పక్షపాతం, దాచుకోను. అది పూర్వం మెలికలు తిరిగే చిన్న వాగు. కేథరిన్ రాణి కాలంలో లోతుగా తవ్వి గ్రానైట్ గట్లు కట్టారు. కట్టారే గానీ ఆ వంకరలు తీసెయ్యలేదు. తిన్నని గీతలంటే ప్రాణమిచ్చే ఈ ఊళ్లో తనకు తోచినట్టు నడిచేది అదే. దాని మీద 1826 నాటి బ్యాంకు వంతెనను బంగారు రెక్కల గ్రిఫిన్లు నోట గొలుసులు కరచి మోస్తున్నాయి. ఇంకా దిగువకు పోతే ఇరుకు మేడలు, చీకటి మెట్లు, సెన్నయ అంగడి. దస్తయేవ్‌స్కీ తన రస్కోల్నికోవ్‌ను గొడ్డలితో నడిపించిన దారులు అవే.

ఎగువన, ఆ కాలువ గట్టునే 1881లో రెండో అలెగ్జాండర్ చక్రవర్తి మీద బాంబు పడింది. ఆయన నెత్తురు చిందిన చోటే గుడి కట్టాలన్నారు. ఆ చోటేమో సరిగ్గా కాలువ ఒడ్డున ఉంది. గుడి జరగలేదు, కాలువే ఒదిగింది. నీళ్లను పూడ్చి ఇరుకు చేసి, ఆ రాళ్ల బాట ముక్కను గోడల లోపలికి తీసుకున్నారు. ఇప్పటికీ లోపల చూడొచ్చు. పైన రంగురంగుల ఉల్లిగడ్డ గుమ్మటాలు. అందరూ వాటినే ఫొటో తీసుకుంటారు. నువ్వు మాత్రం నీటి గట్టు వంపు చూపించు.

ఇక్కడ గొంతు కాస్త తగ్గించాలి. 1941 సెప్టెంబరు 8న జర్మన్ సేనలు ఈ ఊరికి మిగిలిన చివరి నేలదారిని మూసేశాయి. అప్పటికి దీని పేరు లెనిన్‌గ్రాడ్. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర దుకాణాల్లో చవగ్గా దొరికిన పుస్తకాల ద్వారా మన ఇళ్లకు తెలిసిన పేరు అదే. ముట్టడి 872 రోజులు సాగింది. ఆ నవంబరులో కార్మికులు కానివాళ్లకు, పిల్లలతో సహా, రోజుకు 125 గ్రాముల రొట్టె. కరెంటు పోయింది, కుళాయిలు గడ్డకట్టాయి. అప్పుడు ఊరు నీ దగ్గరికే వచ్చింది. నీ మీద, నీ కాలువల మీద మంచుకు గుంతలు కొట్టి, బకెట్లూ కెటిళ్లూ ముంచి, పిల్లలు ఆడుకునే స్లెడ్జి బళ్ల మీద ఇళ్లకు లాక్కెళ్లారు. మెట్ల మీద ఒలికిన నీళ్లు అక్కడే గడ్డకడితే, ఆ జారుడు మెట్ల మీదే మళ్లీ మళ్లీ దిగారు. ఫోంటాంకా గట్టున అలాంటి ఒక గుంతకు స్మారక ఫలకం ఉంది. ఈ ఊళ్లో మొదట దండం పెట్టాల్సిన చోటు అదేనని నా లెక్క. నీ తల్లి లడోగా కూడా ఊరుకోలేదు. తన వీపు గట్టిపడగానే లారీలకు దారి ఇచ్చింది. ఆ మంచు దారినే పిండి వచ్చింది, పిల్లలు ప్రాణాలతో బయటపడ్డారు. దానికి ‘జీవన మార్గం’ అని పేరు.

అన్నం తినే జాతికి తప్పక చెప్పాల్సింది ఇంకొకటుంది. ఐజాక్ చర్చి మైదానం పక్కన వావిలోవ్ విత్తనాల సంస్థ ఉంది. ప్రపంచమంతా తిరిగి సేకరించిన వరి, గోధుమ, బఠాణీ వంగడాల సంచుల మధ్య కూర్చుని ఆ ముట్టడిలో అక్కడి శాస్త్రవేత్తలు కొందరు ఆకలితో ప్రాణాలు విడిచారు. వరి వంగడాలను కాపాడినాయన కూడా వాళ్లలో ఉన్నాడు. గుప్పెడు గింజలు కూడా తీసుకోలేదు. యుద్ధం ముగిశాక ఆ విత్తనాలు మళ్లీ మొలిచాయి. పిస్కర్యోవ్ శ్మశానంలో ఆ ముట్టడి పొట్టన పెట్టుకున్న దాదాపు ఐదు లక్షల మంది ఉన్నారు.

డిసెంబరులో వచ్చేవాళ్లను నువ్వు మోసం చేయవద్దు. పగలు ఆరు గంటలు కూడా ఉండదు, నువ్వు మంచు దుప్పటి కింద ఉంటావు. వసంతంలో మంచు కరిగి పోయాక కొర్యూష్క చేప ఎదురీదుతూ వస్తుంది. వీధుల్లో తాజా కీరదోసకాయ వాసన వస్తే ఎవరో కోస్తున్నారనుకుంటారు, అది ఆ చేప వాసన. ఆ తర్వాత జూన్. సూర్యుడు దాదాపు 19 గంటలు ఉంటాడు, దిగినా దూరం పోడు. అర్ధరాత్రి ఆకాశం ముత్యపు రంగులో ఉంటుంది, పేపరు చదువుకోవచ్చు. రాత్రి ఒంటిగంట దాటాక రాజసౌధం వంతెన నడుముకు విడిపోయి రెండు రెక్కలు పైకెత్తుతుంది. ఆ సందులోంచి అవతలి కోట గోపురపు బంగారు సూది కనిపిస్తుంది. జనం గట్టు పొడుగునా చేరి కేరింతలు కొడతారు. ఇది వాళ్ల కోసం పెట్టిన వేడుకనుకుంటారు. కాదు, ఓడల కోసం. ఓడలు పోవాలి కాబట్టి ఊరు రెండు ముక్కలై నిలబడుతుంది. ఈ ఊళ్లో పెత్తనం ఎవరిదో అక్కడ తెలిసిపోతుంది.

చదువుతున్నవారికి చివరగా ఒక మాట. వెళ్తే హెర్మిటేజ్‌ను రెండో రోజుకు వాయిదా వేసుకోండి. లక్షల కళాఖండాలు ఎక్కడికీ పోవు. మొదటి రోజు పడవ ఎక్కండి. ఉన్ని శాలువా వెంట ఉంచుకోండి, జూన్‌లో కూడా నేవా గాలి చలి పుట్టిస్తుంది. మొయికా వంతెనలు కొన్ని మరీ కిందికి ఉంటాయి, పడవలో లేచి నిలబడకండి. వంతెనలు లేచే వేళకు మీ బస ఏ ఒడ్డున ఉందో ఆ ఒడ్డుకే చేరుకోండి. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, నడిబొడ్డున ఆ వంతెనలు లేచాక, అవతలి ఒడ్డున చిక్కినవాళ్లు తెల్లవారుజాము దాకా కాచుకోవాల్సి రావచ్చు.