విశ్వాసానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? లేపాక్షి, ధర్మవరం కథలపై విమర్శ

మతవిశ్వాసం ప్రస్తావన వచ్చినప్పుడు మన సమాజంలో రెండు తీర్పులు తరచుగా వినిపిస్తాయి. ‘అదంతా మూఢనమ్మకం’ అనేది ఒకటి. ‘దైవభక్తి లేనివాడికి నీతి ఎక్కడిది?’ అనేది రెండోది. ఇవి పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలుగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. మనిషి ఏం చేశాడో చూడకుండా, నమ్ముతాడా నమ్మడా అన్నదాన్నిబట్టే అతని నీతిని తేల్చేస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంతో సంబంధమున్న రెండు కథల ఆధారంగా ఈ లోపాన్ని పరిశీలిద్దాం.

విరుపణ్ణ కథ

హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయం 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల పాలనాకాలంలో (1529–1542) రూపుదిద్దుకుంది. దీని నిర్మాతలుగా ప్రసిద్ధులైన విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పెనుకొండలో విజయనగర ప్రభువుల అధికారులు. విరుపణ్ణ రాజు అనుమతి లేకుండా ఖజానా ధనాన్ని గుడికి ఖర్చు చేశాడని అభియోగం వచ్చిందట. కళ్లు తీయించమని రాజు ఆజ్ఞాపించగా, ఆయనే తన కళ్లు పెరికి గోడకు విసిరాడట. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం దగ్గర గోడమీది ఎర్రని మరకలను ఇప్పటికీ చూపిస్తారు. ఇది స్థానిక ఐతిహ్యం. చరిత్రగా రుజువైన సంఘటన కాదు. అయినా విమర్శకుడికి ఐతిహ్యం కూడా పాఠ్యమే. సమాజం దేన్ని మెచ్చుకుంటుందో, దేన్ని మరచిపోతుందో అది తెలుపుతుంది.

ఈ కథ విన్నవారి సానుభూతి విరుపణ్ణ వైపే మొగ్గుతుంది. అది సహజం. ఆయన ఆ ధనాన్ని సొంతానికి దాచుకోలేదు; విధించిన శిక్ష క్రూరమైనది. కాని కథ మరచిపోయిన వారు కూడా ఉన్నారు. ఖజానాలోని ధనం ప్రజలు కట్టిన పన్నుల నుంచి వచ్చింది. వారి మాట కథలో ఎక్కడా వినిపించదు. ఆ డబ్బుకు లెక్క అడగడం భక్తిని అవమానించడం కాదు. అలాగే, లెక్క తప్పిందని భక్తినంతటినీ మోసమనడం కూడా న్యాయం కాదు.

ప్రహ్లాదుడి కథ

ధర్మవరంలో పుట్టి బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందారు. ఆయన రాసిన నాటకాల్లో ప్రహ్లాద ఒకటి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ది కూడా ఇదే ఇతివృత్తం.

హిరణ్యకశిపుణ్ణి నాస్తికుడికి ప్రతీకగా చెప్పడం మనకు అలవాటు. పురాణకథను జాగ్రత్తగా గమనిస్తే ఇది నిలవదు. బ్రహ్మ కోసం తపస్సు చేసి వరం పొందినవాడు దేవుళ్లు లేరని ఎలా అంటాడు? తనను తప్ప మరొకరిని కొలవరాదన్నది అతని శాసనం. అది హేతువాదం కాదు, అధికారమదం. ప్రహ్లాదుడు తన విశ్వాసం కోసం ఎవరినీ హింసించలేదు. బాధలన్నీ తానే పడ్డాడు. చివరకు తండ్రికి కూడా మేలు కోరాడు. అతని భక్తికి నైతిక బలం ఇక్కడినుంచి వచ్చింది.

నాస్తికత, నీతి

విశ్వాసం లేకపోతే నీతి ఉండదా? గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) జీవితం ఇందుకు సమాధానం. నాస్తికుడైన ఆయన అస్పృశ్యతకు వ్యతిరేకంగా సహపంక్తి భోజనాలు నడిపారు. కులాంతర వివాహాలను తన ఇంటినుంచే మొదలుపెట్టి, సొంత కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి చేశారు. మాటకు తగిన మూల్యాన్ని తానే చెల్లించడంలో నాస్తికుడైన గోరా, భక్తుడైన ప్రహ్లాదుడు ఒకే వరుసలో నిలుస్తారు.

విమర్శకు ఒక కొలమానం

కాబట్టి ‘నమ్ముతున్నాడా, లేదా?’ అని కాక, ‘ఈ నమ్మకానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?’ అని అడగాలి. పెనుకొండలోని బాబయ్య దర్గాకు ముస్లింలతోపాటు హిందువులూ వెళ్లి మొక్కుకుంటారు. అన్యమతస్థుడి పక్కన నిలబడి ప్రార్థించే ఆ అలవాటును మూఢత్వమని కొట్టిపారేస్తే, అందులోని సహజీవన విలువ మన కంటికి ఆనదు. అయితే ఏ మొక్కునైనా నమ్ముకుని రోగిని వైద్యుడికి చూపకపోతే, ఆ నమ్మకానికి మూల్యం చెల్లించేది రోగి. అక్కడ విమర్శ తప్పనిసరి.

ఈ కొలమానానికీ ఒక పరిమితి ఉంది. తానే బాధపడినంతమాత్రాన ప్రతి త్యాగమూ నీతి అయిపోదు. విరుపణ్ణ కళ్లు పోగొట్టుకున్నాడు కాబట్టి ఖజానా లెక్క సరిపోయిందని అనలేం. ఆయన బాధను గౌరవిస్తూనే ఆ లెక్క అడగగలగాలి.

ఆలోచించండి: మీ ఊళ్లోని ఒక గుడి, దర్గా లేదా చర్చికి సంబంధించిన కథను తీసుకోండి. అందులో ఎవరి త్యాగాన్ని పొగుడుతున్నారు? ఎవరి ఖర్చును చెప్పకుండా వదిలేస్తున్నారు? పది వాక్యాల్లో వివరించండి.