మడవ దగ్గర రాయి, ఫైటర్ తొట్టిలో స్పాంజ్

తుంగభద్ర కాలువ కింద వరి పెట్టే బళ్లారి జిల్లా కురుగోడు ప్రాంతపు రైతుకు ఒక విద్య ఎవరూ నేర్పకుండానే వస్తుంది. మడవ తిప్పినప్పుడు నీళ్లు దూకే చోట ఒక బండరాయో, ఇంత గడ్డో అడ్డం వేస్తాడు. పారే నీళ్లు తగ్గవు, ఉరవడి ఒక్కటే తగ్గుతుంది. గెనిమ కోసుకుపోదు, నాటిన పైరు లేచిపోదు. ఇంట్లో అద్దాల తొట్టిలో ఫైటర్ చేపను పెంచేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ విద్యే. ఆ చేప పుట్టిల్లూ వరిమళ్లే మరి. థాయ్‌లాండ్ మళ్లలో, బోదెల్లో, చిత్తడి నేలల్లో బతికే ఈ ఫైటర్‌ను, అంటే బెట్టాను, ఆ దేశం 2019లో తన జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మళ్లలో ఉండే చేపకు తోక పొట్టి. అంగట్లో మనల్ని నిలబెట్టేసే ఆ పట్టుకుచ్చుల తోక మాత్రం మనిషి ఓపికకు దక్కిన ఫలం. ఫ్రాన్స్‌లో గై దెలవాల్ వంటి నిపుణులు 1980లలో ఆ తోకను 180 డిగ్రీలు విచ్చుకునే అర్ధచంద్రంగా తీర్చారు. తరం వెంట తరం జతలు ఎంచి, ఒక్కొక్క రెక్క గీతను చూసుకుంటూ సాధించిన పని అది. శిల్పి పనికి అది ఏ మాత్రం తీసిపోదని నా నమ్మకం.

అంత తోక నీటిలో తెరచాపలాంటిది. ఫిల్టరు నుంచి ధార నేరుగా తగిలితే చేప రోజంతా ఎదురీదాలి. అలసి మూలన నక్కుతుంది, రెక్కలు ముడుచుకుంటుంది, చివరలు చిరుగుతాయి. మగచేప నీటిపైన కట్టుకునే నురుగు గూడు గంటలో చెదిరిపోతుంది. అలాగని ఫిల్టరే తీసేస్తే అంతకంటే పెద్ద తప్పు. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఎక్కువగా ఫిల్టరులోని స్పాంజ్‌లోనే కాపురం ఉంటాయి. కాబట్టి తగ్గించాల్సింది నీటి వేగాన్నే, వడపోతను కాదు. నీళ్లు బయటికొచ్చే దారి వ్యాసం రెట్టింపైతే, అంతే నీటికి వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. పనితనమంతా ఈ లెక్కలోనే ఉంది. ధార పడే మూతికి ముతక స్పాంజ్ తొడగడం, ప్లాస్టిక్ సీసా ముక్క కోసి ధారను అద్దం వైపు మళ్లించడం, చిల్లుల గొట్టం పెట్టి ఒక్క ధారను పది సన్నని ధారలుగా విడదీయడం, అంచుకు తగిలించే ఫిల్టరైతే నీటిమట్టం పెంచి దూకే ఎత్తును తగ్గించడం, అన్నీ మడవ దగ్గరి రాయి చేసే పనే చేస్తాయి. నన్నడిగితే అన్నిటికంటే ముచ్చటైనది గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరు. గాలిగొట్టానికి చిన్న వాల్వు బిగిస్తే బుడగలను వేలితో తిప్పి తగ్గించుకోవచ్చు.

థాయ్ పెంపకందార్లు సీసాల్లోనే పెంచడం లేదా అని కొందరు అడుగుతారు. పెంచుతారు. కానీ అక్కడ మనిషే ఫిల్టరు, నీళ్లు క్రమం తప్పకుండా మార్చే చేతులున్నాయి. ఆ శ్రమను దాచిపెట్టి, గుప్పెడు నీళ్లు పట్టే గాజు గిన్నెను “ఫిల్టరు అక్కర్లేదు, నీళ్లు మార్చక్కర్లేదు” అంటూ అంటగట్టే వ్యాపారం చూస్తే ఒళ్లు మండుతుంది. తరాల తపస్సుతో తయారైన చేపను దాని మురికిలోనే ఉక్కిరిబిక్కిరి చేసి చంపడమది. చిన్న తొట్టికి పెద్ద మోటారు అంటగట్టేవాళ్లూ ఏం తక్కువ తినలేదు. ధార బలంగా లేకపోతే ప్రాణవాయువు అందదనే వాదనలో సగమే నిజం. ఫైటరు తల లోపలున్న ప్రత్యేక అవయవంతో నేరుగా గాలి పీల్చుకోగలదు. స్పాంజ్‌లోని జీవులకు మాత్రం నీటిలో కరిగిన ప్రాణవాయువే దిక్కు. నీరు వేడెక్కే కొద్దీ అది తగ్గుతుంది గనుక, బళ్లారి ఎండల్లో నీటిపైభాగం కాస్తయినా కదలాలి. పూర్తిగా నిలవనీరు చేయమని ఎవరూ అనడం లేదు. స్పాంజ్‌ను కుళాయి కింద కడగకూడదు, క్లోరిన్‌కు ఆ జీవులు చస్తాయి. తొట్టి నీళ్లే కొన్ని తీసి అందులో పిండాలి.

చేపలమ్మే అంగళ్లవాళ్లకు ఒక్క విన్నపం. ఫైటరును అమ్మే రోజునే స్పాంజ్ ఫిల్టరు, వాల్వు, తేలే మొక్క ఒకటి చూపించండి, గాజు గిన్నెను అటక ఎక్కించండి. కొన్నవాళ్లు మేత గింజ ఒకటి నీటిపై వేసి చూడాలి. అది సుడి తిరుగుతూ కొట్టుకుపోతుంటే వాల్వు ఇంకా తిప్పాలి. నెమ్మదిగా జరుగుతూ, చేప తీరిగ్గా వచ్చి అందుకునేలా ఉంటే ఇక వాల్వును ముట్టుకోకండి.