బండిని ఒల్లని కుక్క

హోసూరు, కృష్ణగిరి మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల రద్దీ రాత్రింబగళ్లు తెగదు కనుక, ఆ దారి పక్కన బతికే కుక్కలకు నడుము విరగడం అరుదైన సంగతి కాదు. వెన్నుపూస విరిగి, దాని లోపల మెదడు నుంచి కాళ్లకు ఆజ్ఞలు మోసుకుపోయే నరాల తాడు, అంటే వెన్నుపాము, నలిగితే వెనుక కాళ్లు చచ్చుబడతాయి. డాక్స్‌హండ్ వంటి పొట్టికాళ్ల జాతుల్లో పూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ జారి, ఏ దెబ్బా తగలకుండానే అదే గతి పట్టవచ్చు. చికిత్సతో తిరిగి లేచి నడవలేని కుక్కకు మిగిలేది వెనుక భాగాన్ని మోసే చక్రాల బండి. అమెరికా పశువైద్యుడు లింకన్ పార్క్స్ 1961లోనే వీటి తయారీ మొదలుపెట్టగా, మన పొరుగున కోయంబత్తూరులో ఒక తండ్రీ కూతుళ్లు తాము చేరదీసిన వీరా అనే కుక్కకు సొంతంగా బండి చేసిన సంగతి 2020లో వార్తలకెక్కింది.

పైపు వంచి వెల్డింగ్ చేసే పనివాళ్లకు కొదవలేని హోసూరులో బండి చేయించడం పెద్ద పని కాదు. కుక్క చేత ఔననిపించుకోవడమే పెద్ద పని. బండిలో నిలబెట్టగానే కుక్క కొయ్యబారిపోతుంది, చెవులు వెనక్కి వేస్తుంది, ఊరికే మూతి నాకుతుంది. యజమాని దాన్ని మొండితనమనుకొని గొలుసు పట్టి లాగుతాడు. ఇంతకు మించి చేటు చేసే పని లేదు. నచ్చనిచోట చతికిలబడటమో పడుకోవడమో కుక్కకు ఉన్న స్వేచ్ఛ కాగా, బండి మొదటి క్షణంలోనే దాన్ని లాగేసుకుంటుంది. పైగా వెనుక గలగలమంటూ వెంటపడే వస్తువు నుంచి పారిపోవాలన్నా, ఎటు పోతే అటే అది కూడా వస్తుంది.

కాబట్టి కుక్క నిరాకరించినప్పుడు ముందుగా తప్పు వెదకవలసింది బండిలో. కుక్క నిలబడినప్పుడు వీపు నేలకు సమాంతరంగా ఉండాలి. ఇరుసు మరీ వెనక్కి ఉంటే బరువంతా మూపు మీద పడుతుంది, మరీ ముందుకు ఉంటే ముందు కాళ్లు తేలిపోయి నేల మీద పట్టు దొరకదు. ఛాతీ పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. చంకలో చర్మం ముడతపడే చోట పట్టీ ఒరిసిందంటే ఒక్క పూటలోనే ఎర్రబడుతుంది, మరునాడు పట్టీ చూడగానే కుక్క ముడుచుకుపోతుంది. తొడల మధ్య స్పర్శే లేని కుక్కకు అక్కడి ఒరిపిడి తెలియదు గనుక, బండి నుంచి దించిన ప్రతిసారీ ఆ చోటును మనిషే చూడాలి.

ఓర్పు ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. కోడెను కాడికి అలవాటు చేసే రైతు మొదటినాడే దాన్ని బండికి కట్టడు. ఉత్త కాడి మోయించి, నెమ్మదైన ఎద్దు పక్కన నడిపించి, ఆ తర్వాతే బరువు చూపిస్తాడు. హోసూరు పక్కనే మత్తిగిరిలో 1824లో సైన్యపు గుర్రాల కోసం ఏర్పడి, తర్వాత పశుక్షేత్రంగా మారిన ఆ విశాలమైన నేల మీద జీనుకు గుర్రాన్ని ఒప్పించినవారి పద్ధతీ ఇంతకన్నా భిన్నంగా ఉండి ఉండదు. కుక్క విషయంలోనూ బండిని కొన్నాళ్లు వసారాలో ఊరికే ఉంచి, దాని పక్కనే సంకటి పెట్టి, వాసన చూసుకోనిచ్చి, ముందు పట్టీలు మాత్రమే తొడిగి, చక్రాలు చివరన తగిలించాలి. మొదటి నడక గట్టి మట్టినేల మీద, కొద్ది నిమిషాలు, కుక్క అలసిపోకముందే ముగియాలి. వెనుక నుంచి నెట్టకుండా, దానికి ఇష్టమైన మనిషి నాలుగడుగుల ముందు కూర్చొని పిలవడం మేలు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే ఇళ్లలో ఎప్పుడూ పిలిచే మాటతోనే పిలవాలి. తన వెడల్పు పెరిగిందన్న ఎరుక కుక్కకు వెంటనే రాదు కనుక, గేటు మూలల్లో చక్రం చిక్కుకొని బెదిరిపోకుండా మొదట్లో విశాలమైన చోటే ఎంచుకోవాలి.

బండి వచ్చినా మిగతా సేవ తగ్గదు. మూత్రాశయం తనంతట తాను ఖాళీ కాని కుక్కకు, వైద్యుడు చూపిన తీరున రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట నొక్కి మూత్రం తీయించాలి. ఈడ్చుకుపోయే పాదాలకు మేజోడు తొడగాలి. బండిలో ఉన్నంతసేపూ మనిషి తోడుండాలి. ఇంత చేసినా కొన్ని కుక్కలు ఒప్పుకోవు. మెడ నొప్పి, ముందు కాళ్ల బలహీనత, ముసలితనం అందుకు కారణాలు కావచ్చు. వైద్యుడు పరీక్షించి, కొలతలు సరిచేసి, కొన్ని వారాలు ఆగి చూశాక కూడా కుక్క వద్దంటే బండిని తీసి పక్కన పెట్టడమే న్యాయం. పొట్ట కింద మెత్తటి తువాలు వేసి రెండు కొనలూ ఎత్తి పట్టుకుంటే, అది పొద్దుటా సాయంత్రం వాకిట్లో తన ముందు కాళ్ల మీద తిరిగి, గోడ వారన వాసనలు చూసుకొని రాగలదు.