దూలానికి ఉయ్యాల కొక్కెం

బుచ్చయ్యపేట అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది 2022లో. అక్కడి కమ్మరి కొలిమికి జిల్లాల లెక్క పట్టదు. కొడవలికి పదును పెట్టే చెయ్యే పెంకుటింటి దూలానికి ఉయ్యాల కొక్కెమూ చేస్తుంది.

ఆ పని దగ్గరుండి చూడాలి. నారింజ రంగుకి కాలిన ఊచని పట్టకారుతో దాగలి మీద పెట్టి, సమ్మెట దెబ్బలతో కొన సాగదీసి నత్తగుల్లలా చుడతాడు. సింగారమే, కానీ పనికొచ్చే సింగారం: చుట్టిన కొన చేతికి గీసుకోదు, చీర కొంగుని పట్టదు. మేకు కన్నం డ్రిల్లుతో తొలిచేది కాదు. ఎర్రగా ఉండగానే ఉక్కు మొనతో పొడిస్తే ఇనుము పోకుండా పక్కకి జరిగి, కన్నం చుట్టూ ఉబ్బుతుంది. బలమంతా అక్కడే.

చివర్న నూనె పూత, వేడి మీదే.

బజార్లో వెల్డింగు కొక్కెం చవకే, కాదనలేం. దానికి ఈ నత్తగుల్ల మాత్రం ఉండదు.