నాన్న బైబిలు పక్కన కొడుకు నవల

స్టిల్ లైఫ్ అనగానే మన బడుల్లో కూజా, రెండు అరటిపళ్లు, పూలకుండీ. డీఈడీలో మాకు నేర్పిందీ అదే, ఏళ్లపాటు మేము పిల్లలచేత గీయించిందీ అదే. మమ్మల్ని ఆలోచనలో పడేసిన బొమ్మ మాత్రం వేరు.

డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో తండ్రి ఒక పాస్టరు. 1885 మార్చిలో హఠాత్తుగా పోయాడు. అదే ఏడు అక్టోబరులో కొడుకు ఆయన బైబిలును బల్లమీద తెరిచిపెట్టి, ఒక్కరోజులో బొమ్మ వేశాడు. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఆయన పేరు మీదే ఉన్న మ్యూజియంలో ఉంది. తండ్రి ముఖం అందులో లేదు. యెషయా 53వ అధ్యాయం దగ్గర తెరిచిన పెద్ద గ్రంథం, ఆరిపోయిన కొవ్వొత్తి, ముందువైపు ఒక చిన్న పసుప్పచ్చ పుస్తకం. అది ఎమిల్ జోలా నవల. కొడుక్కి అలాంటి పుస్తకాలంటే ప్రాణం, తండ్రికి గిట్టవు.

కొవ్వొత్తి మాకంతగా నచ్చలేదు. చావుకు ఆరిన దీపం ఎవరికైనా తట్టేదే, తీసేసినా బొమ్మకు లోటు రాదు. అసలు సంగతి ఆ నవల అంచుల్లో ఉంది. చదివి చదివి నలిగిపోయిన అంచులవి. తండ్రిని తలుచుకోవడానికి కొడుకు తన పుస్తకాన్ని దాచలేదు, తండ్రి పుస్తకాన్ని చిన్నబుచ్చనూ లేదు.

మన కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరాచారవంతులు తాతల నాటి కొణతాలు తెచ్చి నాగులేటిలో కడిగి పూజిస్తారు. అక్కడా ముఖం లేదు, వస్తువే మనిషి. అయితే కొణతానికి మొక్కుతామే తప్ప దానితో పేచీ పడం. వాన్ గో బొమ్మలో మొక్కూ ఉంది, పేచీ కూడా ఉంది. అమ్మానాన్నలు వేలిముద్ర వేసి మనల్ని చదివించిన తండాల్లో మనకు కరువైనది ఈ రెండోదే. మా యాడి పోయాక ఆమె కాంచళిని ట్రంకుపెట్టె అడుగున పెట్టాం. గౌరవం అనుకున్నాం. నిజానికి అది సిగ్గు. ఆ బట్టలతో మా బడికి రావద్దని ఆమెతో అన్నది మేమే.

ఈ బొమ్మ చూడకముందు ఒకసారి, ఇంట్లో పోయినవారి వస్తువు ఏదైనా గీసుకు రమ్మన్నాం. చాలామంది దండ వేసిన ఫొటో గీశారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు మిరపతోటకు మందు కొట్టే పంపు గీశాడు. తెగిన బెల్టుకు వాళ్ల యాడి పేటియా పీలిక కట్టి ఉంది. ఆ ముడి ఎంత బాగా గీశాడో! నేలమీద నీడ వేయలేదు గనక పంపు గాల్లో తేలినట్టుంది, అంతే లోపం. దాని పక్కన మూత తెరిచిన తన జామెట్రీ బాక్సు.

"ఇదెందుకురా, సంబంధం లేకుండా?" అన్నాం.

"బా కొనిచ్చాడు టీచర్," అన్నాడు.

తీసెయ్యమన్నాం. రబ్బరుతో చెరిపాడు. కాగితంమీద దాని మరక ఇంకా కనబడుతుంది. వాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఆ బాక్సు మళ్లీ గీసిపెట్టమని కబురు పంపాం. పరీక్షలయ్యాక చూస్తానన్నాడు.