రోగనిరోధక శక్తి ఎవరి వంటింటిది?

కొన్నేళ్లుగా ఆరోగ్యం గురించి రాసే పుస్తకాలకూ, పత్రికల ఆరోగ్య పేజీలకూ ఒక మాట బాగా దొరికింది. రోగనిరోధక శక్తి. దాన్ని 'సహజంగా' పెంచుకోవచ్చంటారు. పొద్దున గోరువెచ్చని నీళ్లు, మధ్యాహ్నం కషాయం, రాత్రి పసుపు పాలు, నడుమ ప్రాణాయామం. పైకి చూస్తే ఇందులో కులమేముంది అనిపిస్తుంది. ఉన్నదంతా అక్కడే ఉందని మేమంటున్నాం. 'సహజం' అనే మాట ఎవరి వంటింటిని చూసి రాసింది? ఎవరి తెల్లవారుజామును, ఎవరి ఒంటిని చూసి రాసింది? ఈ ప్రశ్నలు వేయకపోతే ఆ మాట కింద కప్పడిపోయిన ఆకలి మనకు కనపడదు.

ఈ రాతలకు మంచి నమూనా ఒకటుంది. 2020 మార్చి చివర కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రజలకు ఇచ్చిన సలహాల పత్రం. దాన్ని ఒక సాహిత్య పాఠాన్ని చదివినట్టు చదువుదాం. రోజంతా వేడినీళ్లు తాగాలి. కనీసం అరగంట యోగా చేయాలి. పొద్దున్నే 10 గ్రాముల చ్యవనప్రాశ తినాలి. తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండు ద్రాక్ష కలిపి కషాయం కాయాలి. 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర చెంచా పసుపు వేసుకోవాలి. పొద్దున, సాయంత్రం ముక్కుపుటాలకు నువ్వుల నూనెగానీ, కొబ్బరినూనెగానీ, నెయ్యిగానీ రాసుకోవాలి.

ఇది ఎవరితో మాట్లాడుతున్న పత్రం? దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది మార్చి 25న. ఈ సలహాలు వచ్చిననాటికి వలస కూలీలు పిల్లల్ని భుజాన వేసుకుని రోడ్ల మీద నడుస్తున్నారు. పట్టణాల్లో పారిశుధ్య కార్మికులు రోజూ లాగానే చీకటితో లేచి చీపురు పట్టుకుని పోతున్నారు. వాళ్లకు కావలసింది చేతి తొడుగులు, మాస్కులు, సెలవు, జీతం. పత్రానికి ఆ కార్మికురాలు కనపడలేదు. కనపడింది ఇంటిపట్టున ఉండి, ఫ్రిజ్‌లో పాలున్న మనిషి. ఆ ఒక్క మనిషినే 'ప్రజలు' అనుకుంది. జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి పేర్లు రాసిన చేయి గుడ్డు పేరు, చేప పేరు, మాంసం పేరు రాయలేదు.

అల్లం మీద, పసుపు మీద మాకేం పగ లేదు. అవి మా ఇండ్లల్లోనూ ఉన్నాయి. నిద్ర, వ్యాయామం ఒంటికి మంచివే. పేచీ వేరే చోట ఉంది. రోగనిరోధక శక్తి డబ్బాలో పోసిన నూనె కాదు, పోసినకొద్దీ పెరగడానికి. అది రకరకాల కణాలు ఒకదాన్నొకటి ఉసికొల్పుకుంటూ, ఒకదాన్నొకటి అదుపు చేసుకుంటూ నడిచే ఏర్పాటు. అదుపు తప్పి ఎక్కువైతే అదీ జబ్బే. కీళ్లవాతంలో కొన్ని రకాలు, ఎలర్జీలు అట్లా వచ్చేవే. కడుపు నిండినవాడి ఒంట్లో దాన్ని ఒక చెంచాతో 'పెంచడం' అయ్యే పని కాదు. కడుపు కాలేవాడి ఒంట్లో మాత్రం అది కళ్లముందే పడిపోతుంది. మాంసకృత్తులు చాలకపోతే టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. జింకు, విటమిన్ ఏ చాలకపోతే పేగు పొర, ఊపిరితిత్తుల పొర బలహీనపడతాయి. అంటే సైన్సు చెప్పేది పెంచడం గురించి కన్నా పడిపోకుండా నిలబెట్టడం గురించే ఎక్కువ. ఎవరిది పడిపోతున్నదనే ప్రశ్న వేయగానే విషయం వంటింట్లోంచి వాడలోకి వస్తుంది.

నెయ్యి సంగతే తీసుకుందాం. అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన' రాస్తూ జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామం గురించి చెప్పారు. తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరాని మనిషి తన వాళ్లకు విందు పెట్టాడు. వడ్డనలో నెయ్యి ఉంది. అది చూడలేక ఊరి హిందువులు వందల మంది లాఠీలతో వచ్చి తిండిని పాడు చేసి, తింటున్నవాళ్లను కొట్టారు. ఒక కాలంలో విస్తట్లో నెయ్యి పడితే దెబ్బలు. ఇంకో కాలంలో ముక్కుకు నెయ్యి రాసుకోకపోతే ఆరోగ్యం మీద శ్రద్ధ లేనివాళ్లమని పేరు. ఈ రెండు కాలాల నడుమ చరిత్రను చెప్పకుండా నెయ్యిని 'సహజం' అనడం ఎట్లా కుదురుతుంది?

మరి మా వంటిల్లు రాతలోకి ఎక్కలేదా? ఎక్కింది. మరాఠీలో షాహు పాటోళే 2015లో 'అన్న హే అపూర్ణబ్రహ్మ' అనే పుస్తకం తెచ్చారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే పాత మాటకు ఒక 'అ' చేర్చి ఎదురు తిరిగిన పేరు అది. మరాఠ్వాడా మహర్, మాంగ్ ఇండ్ల తిండి అందులో ఉంది. పాలు, నెయ్యి, నూనె అందని వంటలు. పారేసిన భాగాలను, నెత్తురును కూడా వృథా చేయని వంటలు. కోసి ఎండబెట్టిన మాంసం. మన దగ్గర తునకలంటే తెలిసినవాళ్లకు ఆ పుటలు కొత్తగా ఉండవు. ఇనుము, జింకు, బి12, మాంసకృత్తులు ఒక్కచోట చవకగా దొరికిన తిండి అది. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే మహారాష్ట్రలో ఎద్దుల వధను కూడా నిషేధించిన చట్టం అమల్లోకి వచ్చింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ పండుగ చేస్తే కొట్లాట అయింది. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. 2021 డిసెంబరులో కర్ణాటకలో బడిపిల్లలకు గుడ్లు పెడుతుంటే కొందరు మఠాధిపతులు అడ్డుపడ్డారు. పేదపిల్లల ఒంట్లో శక్తిని నిలబెట్టే తిండి మీద ఒకవైపు ఇంత కాపలా పెట్టి, ఇంకోవైపు కషాయం చీటీ చేతిలో పెడుతున్నారు.

ఇక్కడ మనవైపు నుంచి కూడా ఒక మాటను విమర్శించుకోవాలి. 'కష్టజీవులకు రోగాలు రావు, మట్టిలో పుట్టిన ఒళ్లు గట్టిది' అని అగ్రవర్ణాలు అంటాయి. మెచ్చుకోలులాగే ఉంటుంది. కానీ తొడుగుల్లేకుండా మురుగుకాల్వలోకి దింపడానికి పనికొచ్చే మెచ్చుకోలు అది. దాన్నే మనం తిప్పి, 'మా తిండే మందు, మాకు జబ్బే లేదు' అని గర్వంగా చెప్పుకుంటే అవతలివాడికి పని తేలికవుతుంది. జొన్నరొట్టె, రాగి సంకటి గొప్పవే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, బీడు భూములను సాగులోకి తెచ్చి ఆ గింజలను కాపాడారు. చేలల్లో విత్తకుండానే మొలిచే ఆకుకూరలను తిండిగా లెక్కగట్టి చూపించారు. ఐతే వాళ్లు కాపాడింది పథ్యాన్ని కాదు. భూమి, విత్తనం, గింజల నిల్వ మీద తమ పట్టును. 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక ఆ గింజలే పట్నం దుకాణాల్లో అందమైన ప్యాకెట్లలో కూర్చున్నాయి. గింజ పైకెక్కింది, పండించినామె పేరు ఎక్కలేదు. ఇక చేలో కలుపుమందు కొడితే ఆ ఆకుకూరలుండవు. తన చేను కాకపోతే కోసుకోనిచ్చేదీ లేనిదీ ఆసామి దయ.

క్షయ దగ్గరికి వస్తే ఈ చర్చ అంతా తేటపడుతుంది. ఆ సూక్ష్మజీవి చాలామంది ఒళ్లల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. ఆకలి దాన్ని లేపుతుంది. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో క్షయ రోగుల ఇండ్లల్లో ఉండే 10,345 మంది మీద ఒక పరిశీలన జరిగింది. 2023లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ఒక భాగం ఇండ్లకు నెలకు పెద్ద మనిషికి 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలోల పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అట్లా ఇచ్చిన ఇండ్లల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షల్లో సూక్ష్మజీవి ఉన్నట్టు తేలిన ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. రోగనిరోధక శక్తిని సహజంగా నిలబెట్టడమంటే ఇదీ! ఏ మూలికా లేదు. బియ్యం, పప్పు.

మరి 2013 ఆహార భద్రతా చట్టం మామూలు కార్డు మీద మనిషికి నెలకు హామీ ఇచ్చేదేమిటి? 5 కిలోల గింజలు. పప్పు మాట లేదు. ఆ ఒకటిన్నర కిలోల పప్పు దగ్గరే మన బతుకు ఆగిపోయింది. క్షయ రోగికి తిండి కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. అదీ రోగం వచ్చాక, రోగి ఒక్కరికే. ఇంట్లో ఆ దగ్గు మధ్య అన్నం తినే పిల్లల మాటేమిటి?

సహజ పద్ధతుల పేరు మీద జరిగే వ్యాపారం సంగతి అందరికీ తెలిసిందే. 2020 జూన్‌లో కరోనాకు మందని విడుదలైన కరోనిల్‌ను ప్రభుత్వం అడ్డుకున్నాక అది రోగనిరోధక శక్తిని పెంచే సరుకుగా మారింది. నయం చేస్తుందంటే రుజువు అడుగుతారు. శక్తి పెంచుతుందంటే అడిగేవాడు లేడు. ఈ మాటకు బజారులో అంత గిరాకీ అందుకే. దానికి దూరంగా ఉండమంటే సరిపోదు. టీకా, పరీక్ష, ఆసుపత్రి మన హక్కు. కషాయాన్ని వాటికి బదులుగా పెట్టేవాళ్లను ఒప్పుకోకూడదు.

కాబట్టి కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు ఇట్లాంటి పాఠం చేతికొచ్చినప్పుడు దాన్ని మూడు ప్రశ్నలు అడగాలి. ఇందులో చెప్పిన సరుకు కొనేదెవరు? ఇందులో చెప్పిన తీరిక ఎవరికుంది? ఇందులో రాయని తిండి ఎవరిది? అంగన్‌వాడీలో గుడ్డు ఆగిపోయిందా, బడిలో మధ్యాహ్నం పప్పు నీళ్లలా ఉందా, వాడకు మంచినీళ్లు వస్తున్నాయా, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కిందా అని తిరిగి చూడటం కూడా రోగనిరోధక శక్తి గురించిన అధ్యయనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. వాళ్లకు ప్రాణాయామం నేర్పేముందు పళ్లెంలో ఏం పడుతున్నదో అడుగుదాం.