చదవడం రాదన్న ఒక్క మాట చాలదు

కరణ్‌కోట, తాండూరు తెలంగాణలో కర్ణాటక అంచున ఉన్న ఊళ్లు. ఇక్కడి బడుల్లో తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలూ వచ్చాయి. ఇంగ్లిష్ పేజీ అర్థం కాని వాళ్లందరినీ ఒకే గాటన కట్టి చదువు రాదనేస్తాం. రాకపోవడం మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

చదివి అర్థం చేసుకోవడమంటే అచ్చును పలకగలగడం, విన్న భాష తెలియడం, ఈ రెంటి గుణకారమని 1986లో పరిశోధకులు గాఫ్, టన్మర్ అన్నారు. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. గడగడా చదివి ఒక్క ముక్కా చెప్పలేని పిల్లకు భాష చాలలేదు. చదివి వినిపిస్తే కథంతా చెప్పి, పుస్తకం చేతికిస్తే ఆగిపోయే పిల్లవాడికి ఇంగ్లిష్ స్పెల్లింగే గోడ. తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో 'పుట్', 'బట్' రెంటిలోనూ నడిమి అక్షరం ఒక్కటే. ఇక విషయం తెలియక ఆగేవాళ్లు వేరు. నాపరాయి గని గురించో, సిమెంటు ఫ్యాక్టరీ గురించో రాసిన పేరాలో కొన్ని మాటలు తెలియకున్నా, వాటిని రోజూ చూసే కరణ్‌కోట పిల్లలు పోల్చుకోగలరు, మంచు మీద ఆటల పేరాలో ఆ ఆసరా ఉండదు. అమెరికాలో పరిశోధకులు రెక్ట్, లెస్లీ 1988లో బేస్‌బాల్ కథతో చూసిందీ ఇదే: ఆట తెలిసిన బలహీన పాఠకులు, ఆట తెలియని మంచి పాఠకుల కంటే బాగా అర్థం చేసుకున్నారు. అది సొంత భాషలో చదివినవాళ్ల సంగతి. పరాయి భాషలో ఆ ఆసరా అక్కర మరింత ఎక్కువనే అనుకుంటాను.

ఇదంతా ఎందుకు, ఇంగ్లిష్ మాటలు నేర్పితే చాలదా అంటారు. మాటల కొరత పెద్దదే, కాదనను. కానీ రెండో భాష చదువులో పాఠకుల మధ్య తేడాకు ఆ భాషా జ్ఞానం సుమారు 30 శాతం, సొంత భాషలో అబ్బిన చదువు 20 శాతం కారణమని పరిశోధకురాలు ఎలిజబెత్ బెర్న్‌హార్ట్ 2005లో లెక్కగట్టారు. మిగతా సగం వేరే సంగతులది. ఆ అంకెలు వేదవాక్కు కానక్కర్లేదు, సొంత భాష చదువును తీసిపారేయలేమని చెప్పడానికి చాలు. తండా పిల్లకైతే పుస్తకంలోని తెలుగు పేజీ కూడా రెండో భాషే, అది చూసుకోమంటే సాయం సగమే. గదినిండా పిల్లలు, టీచరు ఒక్కరే, ఒక్కొక్కరినీ ఎవరు చూస్తారన్నది న్యాయమైన ప్రశ్న. రోజూ చూడనక్కర్లేదు. టర్ముకొకసారి ఒక పేరా చదివించి, మరొకటి చదివి వినిపించి, ఇంటి భాషలో సంగతి చెప్పించుకుంటే గుట్టు తెలుస్తుంది. టీచర్లకు నా మనవి: ప్రోగ్రెస్ కార్డులో ఇంగ్లిష్ మార్కు పక్కన, బిడ్డ ఎక్కడ ఆగుతున్నదో ఒక్క మాట రాయండి.